రెండు పడవలంటూ పిల్లలను ఒడ్డునే ఆపేస్తున్నాం

డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ నోటిఫికేషన్ పడిందంటే నారాయణపేట జిల్లా మక్తల్‌లో ఇంటర్నెట్ సెంటర్ల ముందు తల్లిదండ్రుల గుంపులు కనిపిస్తాయి. ఆ గుంపుల్లో సైన్సు చదివిన పిల్ల ఎవరైనా "కామర్స్ కూడా చదువుతా" అన్నదంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా పెద్దమనుషులైపోతారు. "గదేం చదువు బిడ్డా, ఇటు గాక అటు గాక? రెండు పడవల మీద కాళ్ళు పెడితే నడి ఏట్ల పడ్తవ్" అని ఒకరంటారు. "బీఎస్సీ అంటే బీఎస్సీ, బీకామంటే బీకాం. ఏదో ఒక్కటి సక్కగ సదువు" అని ఇంకొకరు. ఈ మాట చెప్పేవాళ్ళు చదువు తెలియనివాళ్ళేమీ కాదు. లెక్చరర్లు చెబుతారు, కోచింగ్ సెంటర్లవాళ్ళు చెబుతారు, హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనమామలు ఫోన్లో చెబుతారు. ఇంతమంది చెప్పేది నిజమే అయివుంటుందని తల్లిదండ్రులు నమ్మేస్తారు. ఆ మాట తప్పు. మహానగరంలో కొంతవరకు చెల్లుతుందేమో గానీ, మక్తల్ లాంటి ఊళ్ళో అది పిల్లల నోటికాడి కూడు తీసేసే తప్పు.

ముందుగా ఈ పెద్దమనుషులు ఏ చదువుకు తల ఊపుతున్నారో చూద్దాం. ఇవాళ పాలమూరు పల్లెల్లో పిల్లలు ఎగబడి చేరుతున్నది బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో. అందులో ఒక పక్క జమాఖర్చుల లెక్కలుంటాయి, ఇంకో పక్క ప్రోగ్రామింగ్, డేటాబేసులుంటాయి. అది రెండు చదువులు కలిపిన డిగ్రీ కాక మరేమిటి? దాన్నెవరూ రెండు పడవలనరు. బీఎస్సీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం మూడూ కలిపి చదివించి దశాబ్దాలుగా పట్టాలిస్తున్నారు. మూడు శాస్త్రాలు ఒక బుర్రలో పట్టినప్పుడు లేని భయం, రసాయనశాస్త్రం పక్కన ఖాతా పుస్తకం పెట్టగానే ఎందుకు పుట్టుకొస్తోంది?

ఇంకా పైకి చూడండి. తెలుగునాట తెలివైన పిల్లాడంటే ఎవరు? బీటెక్ చేసి, ఆ తర్వాత ఐఐఎంలో ఎంబీఏ చేసినవాడు. ఐఐఎం తరగతుల్లో ఏళ్ళ తరబడి ఇంజనీర్లదే పెద్ద సంఖ్య. వాళ్ళు చదివింది సైన్సూ వ్యాపారమూ కలిపే కదా! కాకపోతే ఒకదాని తర్వాత ఒకటిగా, ఆరేడేళ్ళు పట్టి, పెద్ద ఐఐఎంలలో ఇరవై లక్షలు దాటిన ఫీజు కట్టి చదివారు. ఆ పిల్లాడి ఫోటో కాలేజీ ఫ్లెక్సీ మీద వేస్తారు. అదే కలయికను డిగ్రీ ఖర్చుతో, పద్దెనిమిదో ఏటనే మొదలుపెడతానని మాగనూరు నుంచో ఊట్కూరు నుంచో వచ్చిన పిల్ల అడిగితే మాత్రం రెంటికీ చెడ్డ రేవడి అవుతావని బెదిరిస్తారు. ఇది చదువు గురించిన అభిప్రాయం కానే కాదు. ఎవరు చదవొచ్చు, ఎవరు చదవకూడదు అన్న అభిప్రాయం.

ప్రపంచానికి ఇదేం కొత్త కాదు. ఆస్ట్రేలియాలో మొనాష్, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయాల్లో సైన్సు, కామర్స్ డిగ్రీలు రెండూ కలిపి నాలుగేళ్ళలో పూర్తి చేస్తారు. హైదరాబాదు శివార్లలో శామీర్‌పేట దగ్గరి బిట్స్ పిలానీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌తో పాటు ఇంజనీరింగు డిగ్రీ ఐదేళ్ళలో వస్తుంది. మామూలు డిగ్రీ విద్యార్థికి దారి తెరిచింది 2022 ఏప్రిల్‌లో యూజీసీ. ఒక విద్యార్థి ఒకేసారి రెండు పూర్తికాల డిగ్రీలు చదవొచ్చని అప్పుడు ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండూ రెగ్యులరుగా చదవాలంటే తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డం రాకూడదు. లేదా ఒకటి రెగ్యులరు, మరొకటి దూరవిద్య. లేదా రెండూ దూరవిద్యే. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. విశ్వవిద్యాలయాలు తమ పాలక మండళ్ళలో తీర్మానం చేసుకుని అమలు పరుచుకోవాలి. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది, ఇవాళ అంబేడ్కర్ పేరు మీద నడుస్తోంది. పగలు కాలేజీ ల్యాబులో బీఎస్సీ, ఆదివారాలు అంబేడ్కర్ వర్సిటీ స్టడీ సెంటర్‌లో బీకాం. మక్తల్ పిల్లకు అందుబాటులో ఉన్న దారి ఇదే. ఈ సంగతి చెప్పాల్సిన నోళ్ళే వద్దంటున్నాయి.

వద్దనేవాళ్ళు చూపించే గట్టి ఉదాహరణ ఒకటుంది. దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో అరబిందో ఫార్మా మాత్రల ఫ్యాక్టరీ ఉంది. ఆ కంపెనీని 1986లో ఇద్దరు కలిసి పెట్టారు. పి.వి. రాంప్రసాద్ రెడ్డిది ఎంకాం. కె. నిత్యానంద రెడ్డిది ఎమ్మెస్సీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ. "చూశారా, ఒకరు లెక్క చూసుకున్నారు, ఒకరు రసాయనం చూసుకున్నారు. ఎవరి చదువు వాళ్ళది. ఒక్కడే రెండూ చదవాల్సిన పనేముంది?" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ ఉదాహరణ మొదట రుజువు చేసేదేమిటి? మందుల వ్యాపారం నిలబడాలంటే ఆ రెండు చదువులూ ఒకే గదిలో కూర్చోవాలని. పని పంచుకోవడం అన్నది ఆ తర్వాతి మాట, పంచుకోవడానికి రెండో మనిషి దొరికినప్పటి మాట. నగరంలో పక్క టేబుల్ మీద చార్టర్డ్ అకౌంటెంట్ ఉంటాడు, కింది అంతస్తులో కెమిస్టు ఉంటాడు, అవసరమైతే లాయరును పిలిపించుకోవచ్చు. మక్తల్‌లో విత్తనాల దుకాణం పెట్టుకున్నవాడికి, పది మంది రైతులతో కలిసి ఉత్పత్తిదారుల సంఘం నడిపే అమ్మాయికి, సంగంబండ రిజర్వాయరు చేపలను రాయచూరుకు పంపాలనుకునే మత్స్యకారుల సొసైటీకి ఆ రెండో టేబుల్ లేదు. ఇద్దరికి జీతాలివ్వగల స్థోమత లేదు. ఉన్న ఒక్క మనిషే రెండూ తెలిసినవాడై ఉండాలి. కలిపి చదవాల్సిన అవసరం హైదరాబాదుకంటే మక్తల్‌కే ఎక్కువని నేననేది ఇందుకే.

ఒక లెక్క దగ్గరగా చూపిస్తాను. పత్తి తీసుకుందాం. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. జిన్నింగ్ మిల్లు దగ్గర ప్రభుత్వ కొనుగోలు సంస్థ సీసీఐ మనిషి బండిలోని పత్తికి తేమ మీటరు పెడతాడు. 8 శాతం లోపుంటే పూర్తి ధర. ఆ పైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం, అంటే క్వింటాలుకు 81 రూపాయల చొప్పున కోత. 12 దాటితే కొననే కొనరు. ఒక రైతు 20 క్వింటాళ్ళు తెచ్చాడనుకుందాం, మీటరు 11 చూపించింది. క్వింటాలుకు 243, మొత్తం 4,866 రూపాయల కోత. గుండె గుభేలుమంటుంది. "బండి మలుపు, రెండొద్దులు ఎండల ఆరబోసి తే" అని చుట్టూ ఉన్నవాళ్ళు సలహా ఇస్తారు.

ఇక్కడ ఆగి లెక్క వేయాలి. నూరు కిలోల పత్తిలో 11 కిలోల నీరుంటే, ఎండు సరుకు 89 కిలోలు. ఎండబెడితే పోయేది నీరే, ఆ 89 కిలోలు అట్లాగే ఉంటాయి. తేమ 8 శాతానికి దిగేసరికి మొత్తం బరువు 96.7 కిలోలవుతుంది. ఆరబెట్టక ముందు అమ్మితే ఆ నూరు కిలోలకు కోత పోను వచ్చేది 7,867 రూపాయలు. ఆరబెట్టి, మిగిలిన బరువును పూర్తి ధరకు అమ్మితే వచ్చేది 7,846. అంటే రెండు రోజుల కూలి, రెండోసారి బండి కిరాయి, వాన పడితే ఏమవుతుందోనన్న దిగులు ఇవన్నీ భరించి, అదనంగా దక్కింది ఏమీ లేదు. అదే మీటరు 14 చూపిస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఆరబెట్టక తప్పదు, కానీ 12 లోపుకు దిగితే చాలు, 8 దాకా ఎండలో కావలి కాయనక్కర్లేదు. ప్రైవేటు వ్యాపారి కోత ఇంకో రకంగా ఉంటే మళ్ళీ ఇంకో లెక్క.

ఈ లెక్క బీఎస్సీలో చెప్పరు. నీరు ఆవిరైతే బరువెంత తగ్గుతుందో అక్కడ తెలుసు గానీ ధర సంగతి సిలబస్‌లో లేదు. బీకాంలోనూ చెప్పరు. అక్కడ కోతను తరుగు ఖాతాలో రాయడం నేర్పుతారు గానీ, ఆ 89 కిలోలు ఎందుకు మారవో అడగరు. రెండూ పక్కపక్కన పెట్టిన పిల్లకు ఇది కాగితం మీద అయిదు నిమిషాల పని. వడ్లకూ ఇదే వరస. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ పరిమితి, మిల్లరు క్వింటాలు వడ్లకు తిరిగివ్వాల్సిన ముడిబియ్యం 67 కిలోలు, దాని మీద నూక ఎంత పడింది అన్న తగాదా. వడ్లగింజ ఎండిన తీరు తెలియకుండా మిల్లు లెక్క తెలియదు, మిల్లు లెక్క తెలియకుండా రైతు ఎందుకు నష్టపోయాడో తెలియదు.

కృష్ణ దాటి గద్వాల వైపు వెళ్తే ఇంకా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. నడిగడ్డలో రైతులు హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. చేనుకు పోయి మొగ్గ మొగ్గనూ చేత్తో విప్పి క్రాసింగ్ చేసే పని. కంపెనీ కనిపించదు, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చేదీ, విత్తనం తీసుకుపోయేదీ ఆయనే. ఆ తర్వాత కంపెనీ నమూనా తీసి వేరేచోట విత్తి, మొలిచిన మొక్కల్లో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఎన్నున్నాయో లెక్కపెడుతుంది. దాన్నే గ్రో అవుట్ టెస్ట్ అంటారు. ఫలితం వచ్చేదాకా రైతు నెలల తరబడి ఎదురుచూడాలి. "ఫెయిల్" అన్న ఒక్క మాట వస్తే విత్తనం ధర రాదు, అడ్వాన్సు మీద వడ్డీ మాత్రం ఆగదు.

ఆ కాగితం ముందు బీఎస్సీ చదివిన కొడుకును నిలబెట్టండి. జన్యు స్వచ్ఛత అంటే ఏమిటో చెబుతాడు. నమూనా తీసేటప్పుడు రైతు సంతకం ఉండాలా, మళ్ళీ పరీక్ష అడిగే హక్కు ఒప్పందంలో ఉందా, అసలు ఒప్పందం ఎవరితో, కంపెనీతోనా ఆర్గనైజర్‌తోనా, ఆలస్యమైన నెలల వడ్డీ ఎవరి నెత్తిన పడాలి అని అడిగితే నీళ్ళు నములుతాడు. బీకాం చదివిన కూతురిని నిలబెట్టండి. కాంట్రాక్టు చట్టం తెలుసు, వడ్డీ లెక్క తెలుసు. పరీక్ష ఎన్ని మొక్కల మీద చేశారు, కేళీ మొక్క రైతు తప్పు వల్ల వచ్చిందా, కంపెనీ ఇచ్చిన మూల విత్తనంలోనే కల్తీ ఉందా అని నిలదీయడానికి ఆమెకు జీవశాస్త్రం రాదు. ఆ కాగితంలో సగం వృక్షశాస్త్రం, సగం ఒప్పందం. సగం చదువుతో దాన్ని ఎదుర్కోలేరు. ఇన్నేళ్ళుగా నడిగడ్డ రైతు ఓడిపోతున్న చోటు అదే. దాన్ని చూసి కూడా "ఏదో ఒక్కటి సక్కగ సదువు" అనేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది.

వ్యాపారం దుకాణంలో నేర్చుకోవాలి గానీ తరగతిలో కాదని ఇంకో వాదన. దీనికి ప్రభుత్వమే జవాబు చెప్పింది. పురుగుమందులు, ఎరువులు అమ్మేవాళ్ళు తరాల తరబడి కౌంటరు దగ్గరే నేర్చుకున్నారు. ఏ పురుగుకు ఏ మందో తెలియకుండా అమ్మడం వల్ల జరిగిన నష్టం చూశాక, మందులమ్మే లైసెన్సుకు వ్యవసాయం గానీ, రసాయన, వృక్ష, జంతుశాస్త్రాల్లాంటి సైన్సు గానీ చదివిన డిగ్రీ ఉండాలని, లేదా డిప్లొమా అయినా చేయాలని నిబంధన తెచ్చారు. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లోనే ఇన్‌పుట్ డీలర్ల కోసం దేశీ అనే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. తలపండిన వ్యాపారులు ఆదివారాలు పుస్తకాలు పట్టుకుని తరగతికి వెళ్ళి మొక్కల తెగుళ్ళ గురించి చదువుకున్నారు. కౌంటరు నేర్పలేనిది ఉందని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? యాభయ్యో ఏట ఆదివారాలు కూర్చుని నేర్చుకోవాల్సినదాన్ని ఇరవయ్యో ఏటనే నేర్చుకుంటామంటే అభ్యంతరం ఎందుకు?

ఈ దుకాణం వాదన అడుగున మరో మాట దాగుంది: "వ్యాపారం రక్తంలో ఉండాలి." మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం ఎవరిది, కాంటా దగ్గర దడువాయి ఎవరు, బస్తాలు మోసే హమాలీ ఎవరు అన్నది ఒకసారి చూస్తే ఈ మాట అసలు అర్థం తెలుస్తుంది. దుకాణమున్న ఇంట్లో పుట్టిన పిల్లాడు అయిదేళ్ళకే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. హమాలీ కొడుక్కి, పాలమూరు లేబర్ పేరుతో పుణె, ముంబై పనులకు వలసపోయిన ఇంటి బిడ్డకు ఆ గల్లాపెట్టె ఎవరు చూపిస్తారు? వాళ్ళకు తరగతే దుకాణం. వ్యాపారం తరగతిలో రాదని చెప్పడమంటే, దుకాణం లేని ఇంట్లో పుట్టినవాళ్ళు వ్యాపారం చేయకూడదని చెప్పడమే.

ఇక లోతు గురించి. ఇది నిజమైన అభ్యంతరం. రెండూ చదివితే దేంట్లోనూ లోతు రాదంటారు. డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టిన అంజిరెడ్డిని చూపిస్తారు. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు, ముంబైలో ఫార్మా చదువు, పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పరిశోధన చేసి పీహెచ్‌డీ, ఆపైన ఐడీపీఎల్‌లో ఉద్యోగం, 1984లో డాక్టర్ రెడ్డీస్. ముందు సైన్సులో లోతుకు దిగాడు, వ్యాపారం తర్వాత వచ్చింది. ఒప్పుకుంటాను. భౌతికశాస్త్రంలో పరిశోధన చేయాలన్న తపన ఉన్న పిల్లను రెండో డిగ్రీ జోలికి వెళ్ళమని నేను చెప్పను. ఆమెకు ఆ ఒక్కటే కావాలి, ల్యాబులో రాత్రింబవళ్ళు కావాలి. కానీ మన డిగ్రీ కళాశాలల్లో బీఎస్సీ చేరే పిల్లల్లో ఎందరు పరిశోధన వైపు వెళ్తున్నారు? ఎక్కువ మంది డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోచింగుకో, బీఈడీకో, ఏదో ఒక ప్రైవేటు ఉద్యోగానికో వెళ్తున్నారు. వాళ్ళు మూడేళ్ళు చదివిన సైన్సు ఆ తర్వాత ఎవరికీ పనికిరాకుండా పోతోంది. లోతు పేరు చెప్పి వాళ్ళకు వ్యాపారశాస్త్రం వద్దనడం, దిగని బావి లోతు గురించి గొడవపడటం. వాళ్ళు నేర్చుకున్న సైన్సుకు ఊళ్ళోనే ఒక బతుకుదెరువు ఏర్పడాలంటే దాని పక్కన లెక్కా, ఒప్పందమూ, బజారూ తెలియాలి.

పదో తరగతి కాగానే పదిహేనేళ్ళ పిల్లలను ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని విడదీయడంలోనే సైన్సుకూ వ్యాపారానికీ మధ్య ఈ గోడ లేచింది. మార్కులున్నవాళ్ళు సైన్సు, లేనివాళ్ళు సీఈసీ అన్నది అందరి నోటా నానుతున్న లెక్క. బైపీసీ చదివిన పిల్ల డిగ్రీలో బీకాంకు రావచ్చు. సీఈసీ చదివిన పిల్లాడు బీఎస్సీ జీవశాస్త్రాలకు పోలేడు. తలుపు ఒక వైపే తెరుచుకుంటుంది. అందుకే సైన్సు నుంచి కామర్స్‌కు వచ్చినవాళ్ళను నీట్ రాక దిగిపోయినవాళ్ళుగా చూస్తారు. వాళ్ళు ఓడిపోయి రాలేదు, రెండో ఆయుధం పట్టుకోవడానికి వచ్చారని లెక్చరర్లలో ఒక్కరైనా తరగతిలో చెప్పి ఉంటే, ఎందరో పిల్లలు తలెత్తుకుని తిరిగేవాళ్ళు.

కలిపి చదివించే ప్రతిదీ మంచిదని నేననను. ల్యాబులేని బీఎస్సీకి రెండు మేనేజ్‌మెంట్ పేపర్లు అతికించి కొత్త పేరు పెట్టి ఫీజు పెంచే కోర్సులు వస్తాయి. వాటిని వద్దనండి. రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్ మూడు గంటలంటే మూడు గంటలే ఉండాలి, అందులో కోత పడితే ఆ డిగ్రీకి విలువ లేదు. రెండు విశ్వవిద్యాలయాల పరీక్షలు ఒకే రోజు పడితే నలిగేది విద్యార్థి. యూజీసీ తరగతుల వేళల మాట చెప్పింది గానీ, పరీక్షల తేదీలు ఎవరు చూసుకోవాలన్నది విశ్వవిద్యాలయాల చేతుల్లోనే ఉంది. ఇవి కోర్సులను సరిదిద్దడానికి కారణాలు. పిల్లలను వద్దనడానికి కావు.

పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో పుట్టింది ఈ నేల పిల్లల కోసమే. నారాయణపేట, గద్వాల, వనపర్తి జిల్లాల పత్తి, వడ్లు, కంది, చేప, విత్తనం అన్నీ దాని ముంగిట్లోనే ఉన్నాయి. నాలుగేళ్ళ డిగ్రీ ఒకటి ఇక్కడే రూపొందించాలి. ఉదయం వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం ల్యాబు. మధ్యాహ్నం ఖాతాలు, కాంట్రాక్టు చట్టం, సహకార సంఘాల నిర్వహణ. మూడో ఏడు నుంచి సెలవుల్లో జిన్నింగ్ మిల్లులోనో, పోలేపల్లి ఫ్యాక్టరీ నాణ్యతా విభాగంలోనో పని. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పక్క రాష్ట్రంలో ఉన్నా మక్తల్‌కు దగ్గరే. 2023 అక్టోబరు 1న జక్లేరు–కృష్ణ రైలు మార్గం జాతికి అంకితమయ్యాక మక్తల్ పిల్ల రైలెక్కి ఇటు రాయచూరుకూ అటు కాచిగూడకూ వెళ్ళగలుగుతోంది. దారులు ఏర్పడ్డాయి, యూజీసీ అనుమతించింది, ఊరికి అవసరం ఉంది. అడ్డం పడుతున్నది మన నోళ్ళే.

కనుక ఈసారి దోస్త్ ఫారం నింపే తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. మీ బిడ్డ రెండూ చదువుతానంటే రెండు పడవల మాట ఎత్తకండి. కాలేజీకి వెళ్ళి ల్యాబు టైంటేబుల్ అడగండి. స్టడీ సెంటర్‌కు వెళ్ళి ఆదివారం తరగతులెప్పుడో, పరీక్షలు ఏ నెలలోనో అడగండి. రెండు డిగ్రీలకూ ఒకేసారి అనుమతి ఉందని రెండు చోట్లా కాగితం మీద రాయించుకోండి. ఇవ్వబోమంటే పాలమూరు విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు లేఖ రాయండి, మీతో పాటు ఊళ్ళో ఇంకో పది మంది తల్లిదండ్రులతో సంతకాలు పెట్టించండి.